మిలిట్రీ సీసా

మా ఆయన సైన్యంలో ఉన్నాడు. ఈ మాట కోరుట్లలో ఎవరి చెవిన పడ్డా వాళ్లు అడిగేది ఆయన క్షేమం కాదు. "ఎన్ని సీసాలు తెస్తడు?" అని. మిలిట్రీ క్యాంటీన్లో చవగ్గా దొరికే రమ్ము మీద ఇక్కడి మగాళ్లకున్న మమకారం కన్నపిల్లల మీద కూడా ఉండదు. థూ!

మొన్న డిసెంబరులో, నేను పాఠాలు చెప్పే బడికి క్రిస్మస్ సెలవులిచ్చినప్పుడే ఆయనా వస్తానన్నాడు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి దాచిపెట్టుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు నెల తప్పాను. బస్సెక్కి ఒక్కదాన్నే జగిత్యాల పోయి, డాక్టరమ్మ చేత నిజమేననిపించుకుని వచ్చాను. సిరిసిల్లలో ఉన్న మా అమ్మకు కూడా చెప్పలేదు. మొదట ఆయనే వినాలి. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి, ఆ ముఖం నేను చూడాలి. నా ఆశ అంతే.

సెలవు రద్దయింది. మంచుకు కొండదారి మూసుకుపోయి, ఆయన బదులు రావాల్సినవాడు పైకి రాలేకపోయాడట. ఈ కబురు ఆయన తమ్ముడి ఫోనుకు వచ్చింది. మా మరిది నెత్తి కొట్టుకున్నాడు. అన్న మీద ప్రేమ కాబోలు అనుకున్నాను.

"థర్టీ ఫస్టు దావతు గంగల గలిసింది గదా అమ్మా! దోస్తులందరికి చెప్పుకుంటి. ఇజ్జత్ పాయె!"

అన్న అక్కడ మంచులో కాపలా కాస్తుంటే వీడికిక్కడ ఇజ్జత్ పోయిందట! సాయంత్రం వాడి దోస్తులు పరామర్శకు కూడా వచ్చారు. "పండుగకన్న పంపిస్తడా వదినా?" అన్నాడొకడు. వస్తడా అని కాదు, పంపిస్తడా అని! చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. టీ పెట్టిచ్చాను.

మర్నాడు పొద్దున గిన్నెలు కడిగే జాలాట్లో వాంతి చేసుకుంటుంటే అత్తమ్మ చూసింది. ఇక దాచలేకపోయాను.

"ఆయనకు నేనే చెప్త అత్తమ్మా. అప్పటిదాంక ఎవ్వలకు చెప్పకు," అని బతిమాలుకున్నాను.

"కొండగట్టు అంజన్న మీద ఒట్టు బిడ్డా, నేనెందుకు చెప్త!" అంది.

ఆ ఒట్టు పొద్దుగూకేదాకా కూడా నిలవలేదు. చిన్నకొడుక్కి అన్నం పెడుతూ పెడుతూ చెప్పేసింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నమ్మాను, నన్నేమనాలి!

ఆయన ఉండే చోట సిగ్నల్ దొరకదు. కిందికి దిగిన రోజే ఫోను. ఎదురుచూసి చూసి కళ్లు కాయలు కాశాక ఒక మధ్యాహ్నం మోగింది. ఫోను పట్టుకుని డాబా మీదికి పోయాను. ముఖం చూసే రాత ఎలాగూ లేదు, గొంతన్నా వింటాను కదా అనుకున్నాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు.

"నాకు ఎరుకైందే."

"ఎవలు చెప్పిండ్రు?"

"తమ్ముడు. నీ ఫోన్ కలుస్తలేదని వానికి చేసిన." "'అన్నా, నువ్వు నాయినవైతున్నవ్, ఈసారి రెండు సీసాలు ఎక్కువ తేవాలె' అన్నడు."

ఇన్నేళ్ల నా ఎదురుచూపు వాడికి రెండు సీసాలు అడగడానికి పనికొచ్చింది! ఇంత బతుకూ ఇందుకేనా అనిపించి ఏడుపు ఆగలేదు. అటునుంచి గాలి హోరులో ఆయన "ఏడువకే, ఏడువకు" అంటున్నాడు.

"నీ నోటెంట ఇనాలని ఉండె నాకు," అన్నాడు. "ఇప్పుడు చెప్పరాదా? నాకేం తెల్వనట్టే ఇంట."

చెబుదామనే అనుకున్నాను. మాట పెదవుల దాకా వచ్చింది కూడా. వాడు ఎంగిలి చేసి పడేసిన ముక్కను తెచ్చి మొగుడి పళ్లెంలో ఎలా వడ్డించేది?

"ఆడ చలి బాగ పెడుతున్నదా?" అని అడిగాను.