అన్న కాల్చని చేపమనిషి

మొన్న జంగ్లీఘాట్‌లో మా అన్న మనవరాలు ఫోనులో ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. పాత ఆటే, ఫోనుకు సరిపడేలా మళ్ళీ చేశారట. తుపాకీ పట్టిన రెండు చేతులు తప్ప ఆ చేతులు గల మనిషి కనబడని ఆట. రెక్కల సింహాలూ కొమ్ముల రాక్షసులూ ఎదురొస్తుంటే కాల్చుకుంటూ పోవడమే. ఒకచోట రాతి ద్వారం ముందు, నడుము దాకా మనిషీ కింద చేపా అయిన ప్రాణి కనబడేసరికి అది మా అన్న ఆడిన ఆటేనని గుర్తుపట్టాను.

సునామీ నాటికి ఇదే ఊళ్ళో, గోల్ ఘర్‌లో నాకు చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. ఆ రోజులు ఎరిగినవారికి వేరే చెప్పాలా, బోర్డు మీద జెరాక్సు, టైపింగు అని రాసుకున్నా అద్దె గిట్టేది ఆటల మీదే. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి వల వేసినవాడు. ఆయన డింగీ పడవ అన్నకు దక్కింది, నీళ్ళంటే భయపడే నాకు నాలుగు అక్షరాలు దక్కాయి. వాతావరణం బాగాలేక వేట ఆగిన రోజుల్లో అన్న వచ్చి మూలనున్న మెషీను ముందు కూర్చునేవాడు. వల లాగి మొద్దుబారిన వేళ్ళకు మౌసు ఓ పట్టాన లొంగేది కాదు గాని, సింహాలనూ రాక్షసులనూ జంకు లేకుండా పడగొట్టేవాడు. చేపమనిషి ఎదురైతే మాత్రం మౌసు వదిలేసి చెంపలు వేసుకునేవాడు. దాన్ని చంపితేగాని ద్వారం తెరుచుకోదని ఎంత చెప్పినా, "గంగమ్మ బిడ్డరా అది, తప్పు" అనేసి, అక్కడికి ఆట ఆపి లేచిపోయేవాడు. కుర్రాళ్ళూ, వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాళ్ళం.

ఆ డిసెంబరు ఆదివారం పొద్దున అన్న ఒడ్డుకు తిరిగి వస్తున్న వేళ అల వచ్చింది. డింగీ పలకలు దొరికాయి. మనిషి దొరకలేదు.

శవం దొరకనివాడికి దర్భలతో బొమ్మ చేసి, దాన్ని దహనం చేసి కర్మ జరిపించడం మా పెద్దల ఆనవాయితీ. నెలలు గడిచాక ఆ మాట ఎత్తితే వదిన ససేమిరా అంది. ఏ దీవిలోనో ఉండి ఉంటాడని, బడికెళ్ళే కూతుర్ని వెంటబెట్టుకుని జెట్టీకి పోయి వచ్చిన ప్రతి ఓడలోనూ వెతికేది. కొడుకు నీళ్ళలో దిక్కులేక తిరుగుతున్నాడని ఇక్కడ అమ్మ అన్నం మానేసింది. వదినకు మొగుడు బతికుండాలి, అమ్మకు కొడుకు గట్టెక్కాలి; నేనెవరికి నచ్చజెప్పను?

ఒక మధ్యాహ్నం వదిన షాపుకు వచ్చి, అన్న ఆడిన ఆట చూపించమంది. ఆయన ఆపిన చోటే తీశాను. తెర మీది చేతులు చూసి, మనిషేడని అడిగింది. ఇందులో మనిషి కనబడడనీ, ఎన్నిసార్లు చచ్చినా మళ్ళీ లేస్తాడనీ చెప్పాను. ఎదురుగా ఉన్న ప్రాణిని అన్న ఎందుకు కాల్చలేదో కూడా చెప్పాను. వదిన చాలాసేపు దాన్నే చూసి, చుట్టాన్ని నిలదీసినట్టు దానితోనే అంది:

"మా ఆయన నిన్ను ఒగ్గీసినాడు గదా. నువ్వు ఆయన్ని ఒగ్గలేకపోనావా?"

అల వచ్చాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఆ వారంలోనే కర్మ జరిగింది. దర్భల బొమ్మకు అన్న లుంగీ వదినే చుట్టింది.

"ఏక్ గోలీ తాతా, ఖతమ్!" అంది మనవరాలు. చేపమనిషి కూలిపోయాడు, మా అన్నకు ఏనాడూ తెరుచుకోని ద్వారం తెరుచుకుంది. అవతల ఇంకో నడవా, ఇంకొందరు రాక్షసులు. పిల్లనేమంటాను, దానికి గంగమ్మ పటంలో బొమ్మ. మా వాళ్ళు మాత్రం సముద్రంతో వరస కలుపుకుని బతికారు, ఆ వరసే కొంప ముంచిందని నాకు ఈనాటికీ మంట. ఆ లెక్కన పగ తీరిందని నేను సంతోషించాలి. కాని సముద్రానికి ఎన్నడూ చెయ్యెత్తి మొక్కనివాణ్ణి, పిల్ల చూడకుండా మొహం పక్కకు తిప్పుకుని చెంపలు వేసుకున్నాను.