సరంగు పడవ మీద పోసిన నీళ్ళు

చనిపోయిన రోజు పొద్దున కూడా సరంగు పడవ మీద నీళ్ళు పోశాడు. పక్కటెముకలు విరిగి, ఒక పక్కకి ఒరిగిపోయి, ఇక ఏ నీటికీ పనికిరాని పడవ మీద. పోసి, ఖాళీ బకెట్టుని గూటానికి బోర్లించి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ ఇంట్లోకి వచ్చి, కూతురి కుట్టుమిషను పక్కన కూర్చుని టీ అడిగాడు. టీ వచ్చేలోపు తల గోడకి ఆనింది. కునుకు పట్టిందనుకుంది కూతురు. గ్లాసు మీద మూతపెట్టి, మిషను చప్పుడుకి లేస్తాడేమోనని చేత్తోనే చొక్కా కాలరు కుట్టి ముగించింది.

ఆయన నిజంగా పడవ నడిపే సరంగుగా ఉన్నది వంతెన రాకముందు. ఆ తర్వాత కలప డిపోకి కాపలా ఉన్నాడు. అయినా ఊళ్ళో అందరికీ ఆయన సరంగే. నోరు తెరిస్తే వచ్చే మాట ఒకటే, "అలాగే". వంతెన కడుతున్నాం, రేవు మూసేస్తాం అని చెప్పినప్పుడు అలాగే అన్నాడు. ఆ కట్టెలమోపు అమ్మేసి ఇంటికి తలుపులైనా చేయించవయ్యా అని భార్య పోరినప్పుడు అలాగే అన్నాడు, అమ్మలేదు. "నీ అలాగేలన్నీ మూటగట్టి నదిలో పడేస్తే ఆ వంతెన మునిగిపోతుంది" అనేది ఆవిడ, బతికున్నన్నాళ్ళూ.

పడవ ఆయన తండ్రిది, అంతకుముందు తాతది. రేవు మూసేశాక దాన్ని పెరట్లోకి లాగించారు. అప్పటికి తండ్రి మంచం మీద ఉన్నాడు. "దాన్ని తడుపుతూ ఉండరా" అని మాత్రం చెప్పాడు. ఎందుకని కొడుకు అడగలేదు. అలాగే అన్నాడు. పడవ నడిపిన కాలంలో సరంగుకి ఆ అవసరమే రాలేదు. ఎగువన ఆనకట్ట కట్టాక నది ఏడాది పొడుగునా నిండుగానే ఉండేది, పడవ ఒక్క పూటైనా గట్టున ఆరిన పాపాన పోలేదు. అందుకే నీళ్ళు పోయడం ఆయనకి తండ్రి ఫొటోకి దండం పెట్టుకున్నట్టే.

మోకాళ్ళు మొరాయించడం మొదలయ్యాక, ఒకసారి మెట్టు మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ కూతురితో అన్నాడు. "ఈ కాళ్ళు పూర్తిగా పడిపోయేలోపు దాంట్లో ఒక్కసారి అవతలి గట్టుదాకా వెళ్ళొస్తే చాలమ్మా."

నాన్న నోట ఒక కోరిక వినడం కూతురికి అదే మొదటిసారి. ఆమె బట్టలు కుట్టిచ్చే ఇళ్ళలో డ్రాయింగు మాస్టారిది ఒకటి. ఆయనకి చెప్పింది. ఆయన వచ్చి, పడవ చుట్టూ తిరిగి, చెక్కని నిమిరి, "అమ్మాయ్, దీన్ని ఇలా వదిలేస్తే పాపం చుట్టుకుంటుంది" అన్నాడు. మరుసటి ఆదివారం తనలాంటి వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. అందులో రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉంది. ఎవరూ పైసా ఆశించి వచ్చినవాళ్ళు కాదు. ముందు పడవకి ఎండా వానా తగలకుండా రేకుల షెడ్డు వేశారు. కుళ్ళిన చెక్క తీసేసి కొత్తది వేశారు. ఎవరి టిఫిను వాళ్ళే తెచ్చుకునేవారు. సరంగుకి కూడా పెట్టేవారు.

"రంగు వేయాలంటే చెక్క బాగా ఆరాలి సరంగు గారూ. ఈ నీళ్ళెందుకు పోస్తున్నట్టు?" అని అడిగాడు మాస్టారు.

"మా నాన్న పోయమన్నాడండీ."

"ఎందుకని?"

"అడగలేదండీ."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "నాకు తెలుసు ఈ రకం. డాక్టరు పోయినా మందు మానరు" అంది నర్సమ్మ. ఇంకాస్త నవ్వారు. "ఆపేయండి మరి" అన్నాడు మాస్టారు.

"అలాగే" అన్నాడు సరంగు. బకెట్టు బోర్లించాడు.

ఎండలు ముదిరేసరికి పలకల మధ్య సందులు పడ్డాయి. కొన్నిచోట్ల వేలు దూరేది. "ముసలిదైపోయింది పాపం, నాలాగే" అన్నాడు సరంగు. నూనెలో నానబెట్టిన నూలుతాళ్ళు తెచ్చి, ఉలి ఆనించి, సుత్తితో కొట్టి సందుల్లో కూరారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆయనే. నడవలేకపోయినా చేతుల్లో బలం ఎక్కడికీ పోలేదు. "చాలు బాబూ, మనుషులకి కూడా నేనింత గట్టిగా కట్టు కట్టలేదు" అంది నర్సమ్మ. ఆయన సిగ్గుపడి నవ్వుతూ ఇంకో దెబ్బ వేశాడు. ఆ రోజుల్లో నాన్న ఈల వేయడం కూతురు మిషను దగ్గర్నుంచి వింది.

దుంగల మీద దొర్లిస్తూ పాత రేవుకి తీసుకెళ్ళి పడవని నీళ్ళలోకి దించారు. లోపలికి చుక్క రాలేదు. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. సరంగుని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఆయన తెడ్డు చేతిలోకి తీసుకుని, కూర్చున్న చోట సర్దుకుని, అవతలి గట్టు వైపు చూశాడు.

"వెళ్ళొస్తానండీ" అన్నాడు.

"ఆగండాగండి! ఇవాళే వెళ్ళిపోతే ఎలా? వచ్చే ఆదివారానికి అందరినీ పిలిచాను. ఫొటోలు తీసేవాళ్ళు వస్తున్నారు. ఈలోపు రంగు మీద గీతలు పడకూడదు" అన్నాడు మాస్టారు.

సరంగు కూతురి వైపు చూశాడు. కూతురు మాస్టారి చేతుల వైపు చూసింది. అరచేతుల నిండా బొబ్బలు. ఆ చేతులకి ఏమని అడ్డం చెప్పగలదు?

"అలాగే" అన్నాడు సరంగు. తెడ్డు పడవలో పెట్టేశాడు.

వారం మధ్యలో, రేవు నీళ్ళలోనే కట్టేసి ఉంచిన పడవలోంచి చప్పుడు మొదలైంది. వేళ్ళు విరుచుకున్నట్టు టక్, మళ్ళీ కాసేపటికి టక్. కూతురు వెళ్ళేసరికి నాన్న నడుంలోతు నీళ్ళలో నిలబడి పడవని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మాస్టారూ నర్సమ్మా పరుగున వచ్చారు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పలకలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతున్నాయి. ఉబ్బడానికి చోటేదీ? సందులన్నీ బిగించేశారు. ఒకదాన్నొకటి తోసుకుంటూ మేకుల్ని పెకలిస్తున్నాయి, పక్కటెముకల్ని విరుస్తున్నాయి.

కూతురికి చప్పున అర్థమైంది. కొత్త గుడ్డని ఒకసారి తడిపి ఆరేయకుండా ఆమె ఎన్నడూ కత్తెర పెట్టదు. తడవక ముందు కుట్టిన బట్ట తడిశాక ఏమవుతుందో ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు. పెరట్లో రోజూ కళ్ళముందు ఎండిన చెక్క దగ్గర మాత్రం ఆ సంగతి తట్టలేదు.

"నాన్నా, బయటికి రా."

"పట్టుకుని ఉన్నానమ్మా" అన్నాడాయన, వదిలేస్తే విరిగిపోతుందన్నట్టు. ఆయన చేతుల మధ్యే అది ఇంకోసారి విరిగింది.

విరిగిన పడవని మళ్ళీ పెరట్లోకే లాగారు. మాస్టారు మెట్టు మీద కూలబడి ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి సరంగే ఓదార్చాడు. "మీరేం చేశారండీ, గట్టిగా కొట్టింది నేనే కదా."

"మళ్ళీ మొదలుపెడదాం సరంగు గారూ" అన్నాడు మాస్టారు, తలెత్తకుండా.

"అలాగే."

మర్నాడు పొద్దున బకెట్టు చప్పుడికి కూతురు లేచి వచ్చింది. "ఇంకెందుకు నాన్నా?"

"ఆరిపోతుందమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మోకాళ్ళ గురించిగానీ అవతలి గట్టు గురించిగానీ మాట్లాడలేదు. టీ అడిగిన ఆ పొద్దుటిదాకా నీళ్ళు మాత్రం పోశాడు.

కబురు తెలిసి మేనత్త వచ్చింది. నాన్నకి ఒక్కగానొక్క అక్క. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక వచ్చిపోవడం తక్కువ. చెవులు సరిగా వినపడవు. ఏడ్చి ఏడ్చి సాయంత్రానికి పెరటి గడపలో కూర్చుని పడవని చూసింది.

"ఇదేంటే, ఇలా అయిపోయింది?"

కూతురు ఆమె చెవి దగ్గర వంగి మొత్తం చెప్పింది. ఎండలూ, సందులూ, నూలుతాళ్ళూ.

"సందులు పడితే ముంచాలి కదే" అంది అత్త.

"ఏంటత్తా?"

"ముంచాలే! అప్పట్లో ఎండాకాలం నది సన్నబడితే మా నాన్న పడవని గట్టుకి లాగేవాడు. మళ్ళీ నీళ్ళు రాగానే రాళ్ళు నింపి ఒడ్డునే ముంచేసేవాడు. మునిగినన్నాళ్ళూ మాకు పండగే. దాని మీదెక్కి గెంతేవాళ్ళం. మీ నాన్న ఇంకా నా చంకలోనే. మాకోసం పెట్టిన ఆటేమో అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి రాళ్ళు తీసి నీళ్ళు తోడేస్తే చక్కగా తేలేది. చుక్క కారేది కాదు."

"సందుల్లో ఏం కూరేవాళ్ళు అత్తా?"

"ఆఁ?"

కూతురు గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"ఏమీ కూరేవాళ్ళు కాదే" అంది అత్త. "చెక్క కదా. కాస్త నాననిస్తే అవే కలుసుకునేవి."