సగం ఛార్జ్‌లో ఉంచిన బ్యాటరీ

మా కారుకు మోటారు ఎంచేది బావ, బ్యాటరీ ఎంచేది నేను. కారంటే మనుషులు ఎక్కేది కాదు, మూరెడు పొడవుండే రిమోట్ కారు. అచ్చంపేటలో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం, కాబట్టి బ్యాటరీల సంగతి నాకు తెలుసు. బావ మా అక్క భర్త, ఆయనది లింగాల దగ్గర మెట్ట సేద్యం. బోరు మోటార్లు దించీ ఎత్తీ వైండింగ్ చేయించీ, మోటారంటే తన తర్వాతే ఎవరైనా అనుకునేవాడు.

ఆ ధీమాతోనే మొదట్లో బోల్తా పడ్డాం. బోరుకు ఎంత పెద్ద మోటారు పెడితే అన్ని నీళ్ళు వస్తాయని బావ లెక్క. కారుకు కూడా దొరికినవాటిలో పెద్దది పెట్టించాడు. దాని ఆకలి తీర్చలేక నా చిన్న బ్యాటరీ మొదటి రౌండులోనే చేతులెత్తేసింది.

"నీ బ్యాటరీల దమ్ము లేదు బామ్మర్ది," అన్నాడు బావ. తప్పు తనదని ఒప్పుకునే రకం కాదు.

అక్కడి నుంచి ప్రతి ఆదివారం మాకు తగాదాయే. పల్లి పీకిన చేనులో పాత డ్రిప్పు పైపులు పరిచి పందెం దారి చేసేవాళ్ళం. బల్మూర్ నుంచి కూడా కార్లు పట్టుకొని వచ్చేవాళ్ళు. మోటారులో రాగి తీగ చుట్లు తక్కువుంటే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే. చుట్లు ఎక్కువుంటే నిదానంగా పోతుంది గాని మెత్తటి మట్టిలోనూ బండిని గుంజుకుపోతుంది. నాకేమో వేగం మీద యావ.

"గిది డాంబర్ రోడ్డు కాదు, దుక్కి. మట్టిని చూసి మోటర్ పెట్టాలె," అనేవాడు బావ.

పందెం అయిపోగానే మోటారు మీద వేలు ఆనించి చూసేవాడు. వేలు కాలకపోతే చాలు, ఓడిపోయినా గెలిచినట్టే మాట్లాడేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మంట కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

బావ బోరు ఎండిపోయింది. ఇంకోటి వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. బావ, అక్క పుణెలో బిల్డింగు పనికి పోయారు. పోయేరోజు కారును నా దుకాణంలో పెట్టి, "బ్యాటరీ పైలం. నేనొచ్చినంక నడుపుదం," అని జాగ్రత్త చెప్పాడు.

ఈ రకం బ్యాటరీని వాడకుండా పెట్టాలంటే సగం ఛార్జ్‌లోనే ఉంచాలి. పూర్తిగా ఖాళీ అయితే చచ్చిపోతుంది. నిండుగా ఉంచితే కొన్నాళ్ళకు ఉబ్బిపోతుంది. అప్పుడప్పుడు మీటరు పెట్టి చూసి సగానికి తెస్తుంటాను. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో బావ పక్కన కూర్చుని నాతో కొట్లాడితే బాగుండుననిపిస్తుంది.

పోయిన ఎండాకాలం ఉండబట్టలేక ఒక్కడినే కారు నడిపాను. రుచి లేదు. పైగా మోటారు కాలిపోయింది. బావకు ఫోన్ చేసి కొత్తది ఏది తెప్పించాలని అడిగాను.

"నీ ఇష్టం బామ్మర్ది," అన్నాడు.

ఆ మాట బావ నోట ఎన్నడూ వినలేదు. కావాలనే రెచ్చగొట్టాను.

"అయితె అన్నిట్లకెల్ల తక్కువ చుట్లది తెప్పిస్త."

తిడతాడని చూశాను. వెనక కాంక్రీటు కలిపే మిల్లర్ చప్పుడు వినబడుతోంది.

"మంచిది," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. బావ అక్కడే ఉన్నాడు, నాతో కొట్లాడే మనిషి మాత్రం ఎటో పోయాడనిపించింది.

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ మోగింది.

"ఆర్డర్ పెట్టినవా? పెట్టకు. రాత్రి పండుకుంటె గదే యాదికొచ్చింది. తక్కువ చుట్లది మన దుక్కిల కాలిపోతది. ఇన్నేండ్లు నాతోని తిరిగినవ్, జర గూడ తెలివి రాలె నీకు."

సగం ఎత్తిన షట్టర్ కింద నిలబడి నవ్వాను. నవ్వుతుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయితె నువ్వే వచ్చి పెట్టు బావా," అన్నాను.



"వస్త," అన్నాడు.

ఎప్పుడని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. చుట్లు ఎక్కువున్న మోటారే తెప్పించాను. బిగించలేదు, అది బావ పని. బ్యాటరీని మాత్రం ఆ రోజే నిండా ఛార్జ్ చేసి కారు పక్కన పెట్టాను.

వారం తర్వాత మళ్ళీ సగానికి దించాను.