లచ్చయ్య అడిగిన మాట

"మా ఆయిన బర్ల కొట్టం తలుపు సుత దబ్బున తియ్యడు. లోపల ఎవలన్న ఉన్నరా అని అడిగి తీస్తడు. అసొంటి మనిషి అడగకుంట బోల్టులిప్పిండంటే నువ్వెట్ల నమ్మితివి?"

"నేను నమ్ముడేంది వదినె, కంపెనీ కాయిదం పంపింది. తొందరపడి తనంత తనే ఇప్పుకున్నడట. పక్కనున్న కొండల్ సుత గదే చెప్పె."

ఖానాపూర్‌ల కిష్టవ్వ ఇంటి ముంగట వచ్చిన కొండల్, లోపల ఆమె మరిది నాగయ్య నోట తన పేరు వినంగనే గడప కాడ్నే ఆగిండు. దుబాయి నుంచి వచ్చి పదొద్దులాయె. రోజూ ఈ ఇంటికే బయలెల్లుతడు, సగం బాటల్నించి మర్లుతడు.

కిష్టవ్వ పెనిమిటి లచ్చయ్య, కొండల్ ఒక్క వాడోళ్లు. ఎనభైనాలుగుల కలిసే పోయిండ్రు. సముద్రం నడుమ ఇనుప మంచె మీద పని. అడుగున నూనె బాయి. బాయంటే మన బాయి గాదు, ఇడిస్తే పైకి తన్నుతది. అందుకే దాని మూతికీ, పైకొచ్చే పైపుకూ వాల్వులు. ఏదన్న రిపేరుంటే ఒక్క వాల్వును నమ్మొద్దు. రెండు మూయాలె, నడుమ చిక్కిన ఒత్తిడిని చిన్న నల్లా తిప్పి ఇడవాలె, మీటరు ముల్లు సున్నాకు రావాలె. ఆ వాల్వులకు ఎవని తాళం వాడే ఏసుకొని చెవి జేబుల పెట్టుకోవాలె. గప్పుడు పానా పట్టాలె.

కొత్తగొచ్చినోళ్లకు లచ్చయ్యే చెప్పేటోడు: "ఇంటికి రెండు దర్వాజలు, నడుమ అర్ర అనుకో. బయట దొంగ ఉన్నడు. నడిమి అర్ర ఖాళీగున్నదా లేదా చూసినంకనే పండు."

ఎనభైఆరుల ఓనాడు కొండల్ మీటల కాడున్నడు, లచ్చయ్య ఇరవై అడుగుల దూరంల పైపు మూత కాడ. కొండల్ ముందుగాల పంపు ఆపిండు. ఒక వాల్వు మూసిండు, అది కారుతున్నదని ఎవలకు తెల్వదు. రెండోది ఇంక మూయలే.

"కొండల్, బందా?" అని కేకేసిండు లచ్చయ్య.

"బంద్" అన్నడు కొండల్.

పంపు బందైందని కొండల్ మాట. మన దిక్కు పంకా ఆగినా బందే, దుకాణం కట్టేసినా బందే, బడికి సెలవిచ్చినా బందే. లచ్చయ్య అడిగింది వాల్వుల గురించి. వేరే దేశపోడైతే లచ్చయ్య తనే పోయి తాళమేసి, ముల్లు చూసి వచ్చేటోడు. ఊరోని గొంతు విని నమ్మిండు. మూడో బోల్టు వదులుగాంగనే మూత ఎగిరి ఛాతిల తగిలింది. పడ్డ మనిషి మళ్ల లెవ్వలే.

"లచ్చయ్య నిన్ను అడిగిండా?" అని దర్యాప్తుకొచ్చిన కంపెనీ ఆఫీసరు గుచ్చి అడిగిండు. అవునంటే, మరి నువ్వేమన్నవని అడుగుతరు.

"అడగలే" అన్నడు కొండల్. ఆ మాటతోటే ఇంకో రెండేండ్లు కొలువు జేసిండు.

ఊర్ల దిగిన రెండో దినం సైకిల్ దుకాణం కాడ ఎవడో చక్రం గబగబ ఇప్పుతుంటే, పక్కోడు నవ్వుకుంట "లచ్చయ్య పని చెయ్యకురా" అన్నడు. చచ్చిన మనిషి ఊరికి సామెతైండు.

కొండల్ గడప దాటి కిష్టవ్వ ఇంట్లకు పోయిండు. నిలబడే చెప్పిండు. లచ్చయ్య అడిగిండని, తను బంద్ అన్నడని, ఆఫీసరు ముందర అబద్ధమాడిండని.

నాగయ్య తల అడ్డంగ ఊపిండు. "ఆమెను ఓదార్చనీకి కొత్తగ కథలల్లకు అన్నా."

కిష్టవ్వ ఏడ్వలే. "రెండేండ్లు ఈ మాట ఏడ దాచినవ్? నా కొడుకును బడిల తొందరపోతు కొడుకంటున్నరు. నువ్వు నా ఇంట్ల చెప్తే ఊరి నోరు మూతవడ్తదా? పో."

ఆన్నుంచి కొండల్ లక్ష్మీరాజం కాడికి పోయిండు. ఆ పిలగాడు కాలేజి నడుమల ఇడిసిపెట్టి వచ్చి, ఊరోళ్లకు దుబాయి ఉత్తరాలు రాసి పెడ్తుండు. కొండల్ చెప్పిందంతా విని, కలం మూత సుత తియ్యలే.

"ఆ కంపెనీ ఎత్తేసిండ్రు కాకా. ఎవలకు రాస్తవ్? రాసినా నిన్ను పిచ్చోడంటరు. లచ్చయ్య పేరు ఇగ మారది."

"ఎరుకే."

"ఎరుకుంటె మరెందుకు?"

కొండల్ తనే కలం మూత తీసి ఇచ్చిండు. "కంపెనీకి వద్దు. ఇంగ్లీషు వద్దు. సైకిల్ దుకాణం కాడ మనోళ్లు చదివేటట్టు తెలుగుల రాయి బిడ్డా, లచ్చయ్య అడిగిండని. కింద నేను వేలిముద్ర ఏస్త."