మోకాలిలోతు మట్టి

ఊళ్లో అందరూ అతన్ని గంపన్న అంటారు. పొద్దున్నే తలమీద గంపతో వాగుదాకా దిగి, వానకు కొట్టుకుపోయిన మట్టిని ఎత్తుకొని మళ్లీ కొండెక్కుతాడు. ఆ కొండమీద బెత్తెడు తవ్వితే గులకరాళ్లు, వాటి కింద బండ. మిగతావాళ్లు మేకల్ని మేపుకుంటారు. అతనొక్కడే రాళ్లు ఏరి గట్టు కట్టి, మోసిన మట్టి పోసి, మోకాలిలోతు చేను చేశాడు. చేను దాటేముందు చెప్పులు విప్పి అందులోనే దులుపుతాడు. గోళ్లలో ఇరుక్కున్నది కూడా పుల్లతో తీసి అక్కడే రాలుస్తాడు. "వీడికి పెళ్లాం కన్నా మట్టే ముద్దు" అని అతని అన్న నలుగురిలో నవ్వేవాడు.

కొన్నేళ్ల కిందట వానాకాలంలో తల్లి పోయింది. శ్మశానం వాగు అవతల, వాగేమో పొంగింది. కొండమీద ఎక్కడ గునపం వేసినా ఖంగుమంది. చివరికి అన్నే వచ్చాడు. "నీ చేలో తప్ప ఎక్కడా గునపం దిగట్లేదురా. అమ్మనెక్కడ పెట్టమంటావ్?" గంపన్న చిగురేసిన బంగాళాదుంప మొక్కల్ని తనే పీకి పక్కన పెట్టాడు. వాగు తీశాక పక్కింటి ముసలాయన పోతే, కొండ దిగే శ్రమెందుకని అందరూ పారలతో తిన్నగా చేలోకే వచ్చారు. అదేంటని అడిగితే, "అమ్మకిచ్చావుగా, ఇప్పుడేమొచ్చింది?" అన్నాడు అన్న. ఇప్పుడక్కడ మొక్కలకంటే సమాధులే ఎక్కువ. పూడ్చి వెళ్లేవాళ్లు దారెక్కగానే కాళ్లకంటిన మట్టిని అసహ్యంగా విదిలించుకుంటారు. అందరూ పోయాక గంపన్న దారిమీద గొంతుక్కూర్చుని, ఆ మట్టిని అరచేత్తో ఊడ్చి గంపకెత్తుకుంటాడు.