నాలుగు వందల అడుగుల నల్లమద్ది

1978 వేసవి. ధవళేశ్వరంలో కాలువ గట్టు మీదున్న కలప డిపోలో నేను కొలతల గుమాస్తాని. దుంగ పొడవూ చుట్టుకొలతా టేపుతో తీసి సి.ఎఫ్.టి. కట్టడం నా పని. అంటే దుంగలో ఎన్ని ఘనపుటడుగుల కలప ఉందో చెప్పడం. మా దగ్గర అందరూ దాన్ని ఉత్త ‘అడుగులు’ అనేవారు. ధర అడుగుల్లోనే, కూలి అడుగుల్లోనే, చివరికి పడవ ఎంత మోస్తుందో కూడా అడుగుల్లోనే. తూకం ఊసు ఎవరికీ పట్టేది కాదు. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చేసింది.

మా డిపో సరుకు మోసే అప్పారావు భార్యనీ కూతుర్నీ పడవలోనే పెట్టుకుని బతికేవాడు. అతని పడవ నాలుగు వందల అడుగుల ఎండు టేకు మోసేది. ఇంకో మూడు రోజుల్లో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారనగా, కాకినాడ షావుకారుకి సరుకు పంపాల్సి వచ్చింది. అదీ నాలుగు వందల అడుగులే. కాకపోతే పచ్చి నల్లమద్ది.

“ఇంత బరువు నీ పడవ మోయదయ్యా,” అన్నాను.

“అదేంటండి గుమాస్తా గారూ, ఎప్పుడూ వేసే అడుగులేగా.”

ఓపిక తెచ్చుకుని, రెండు కలపల్లోంచీ ఒకే కొలత ముక్కలు కోయించి బకెట్ నీళ్ళలో వేశాను. టేకు తేలింది. మద్ది అడుక్కి పోయింది.

“రెండూ పట్టే చోటు ఒకటే. బరువు ఒకటి కాదు. అంతే చోటులో ఎంత బరువుందో, దాన్ని డెన్సిటీ అంటారు. టేకు కన్నా ఇది సగం పైగా ఎక్కువ. రెండు ట్రిప్పులు వెయ్యి.”

“కాలువ కట్టేస్తుంటే రెండో ట్రిప్పు ఎక్కడండి? సరుకంతా చేరితేనే కిరాయి అన్నారు షావుకారు గారు. మళ్ళీ నీళ్ళొదిలే దాకా మేం ఏం తినాలండి?”

 సరుకు కోసం వచ్చిన షావుకారు మనిషికి ఈ బరువు సంగతి చెప్పి, సగం సరుక్కైనా కిరాయి ఇమ్మని బతిమాలాను. “బడి పాఠాలు ఇక్కడెందుకండి,” అన్నాడతను. ఒళ్ళు మండింది కానీ, ఏం చెయ్యను?

అప్పారావు బకెట్ అడుగు నుంచి మద్ది ముక్క తీసి, చేత్తో బరువు చూశాడు. తర్వాత భార్యని పిలిచి, “పిల్లని తీసుకుని నువ్వు బస్సులో వెళ్ళు. బియ్యం మూటా పట్టుకెళ్ళు,” అన్నాడు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని గట్టెక్కింది. దుంగలన్నీ ఎక్కించాక పడవ అంచు నీళ్ళకి బెత్తెడు పైన నిలిచింది.

కాలువలో మొదటి లాకుల గేట్లు దాటకముందే పడవ మునిగింది. అతను ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. పడవ మాత్రం మళ్ళీ పనికి రాలేదు. ఆ తర్వాత మా గట్టు మీదే దుంగలు మోసే కూలీగా చేరాడు. 

అప్పట్నుంచి ఏ పడవవాడొచ్చినా ఆ రెండు రకాల ముక్కలూ నీళ్ళలో వేసి చూపించేవాణ్ణి. అందరూ తలూపేవారు. ఊపి, ఎక్కించేవారు. సరుకు దింపుతారన్న ఆశ నాకూ పోయింది. కనీసం పిల్లల్నైనా దింపుతారని చెబుతూ ఉండేవాణ్ణి.