మాడ్రిడ్‌లో బీచ్ లేదు

స్పెయిన్ వెళ్ళాలంటే ముందు హ్యూస్టన్ వెళ్ళాలి. టెక్సస్‌లో ఉంటూ చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఇది తప్పదు. వీసాకి వేలిముద్రలు అక్కడే ఇవ్వాలి, కాగితాలు అక్కడే చూపించాలి. ప్లేనో నుంచి వెళ్ళడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. ఈ ఎనిమిది గంటల గురించి ట్రావెల్ వీడియోల్లో ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను. మాకు ఎనిమిది గంటల్లో అవలేదు, అది వేరే సంగతి.

మేమంటే నేనూ, శ్రీలతా. పన్నెండేళ్ళ కిందట మిస్సోరీలో ఎమ్మెస్ చదివేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. నాది తెనాలి, తనది వరంగల్. ఇప్పుడు నేను ప్లేనోలో ఒక బ్యాంక్‌లో ప్రాజెక్ట్ మేనేజర్‌ని, తను పక్క రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్. తనకీ వీసా సెంటర్ హ్యూస్టనే. ఒక్కసారి మనిద్దరమే ఎక్కడికైనా వెళ్దామని ప్రతి పుట్టినరోజుకీ ఫోన్‌లో అనుకోవడమే గానీ వెళ్ళింది లేదు. ఈ ఏడు నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి భర్తలిద్దరూ పిల్లల్ని చూసుకుంటామని ఒప్పుకున్నారు. దొరికింది నాలుగు రోజులు. దేశం స్పెయిన్ అని పది నిమిషాల్లో తేలింది. ఊరు మాత్రం ఆరు వారాలైనా తేలలేదు.

నాకు బార్సిలోనా కావాలి. అక్కడ సముద్రం ఉంది. పైగా వందేళ్ళు దాటినా ఇంకా కడుతూనే ఉన్న చర్చి ఒకటుంది. డెడ్‌లైన్ దాటిన ప్రాజెక్టులతో బతుకుతున్న మనిషిని, దానికి వెళ్ళి ఒక దండం పెట్టుకోవాలని నా కోరిక. శ్రీలతకి మాడ్రిడ్ కావాలి. ఎందుకే అంటే "మ్యూజియం ఉన్నది గదా" అనేది. మ్యూజియాలు బార్సిలోనాలో కూడా ఉన్నాయని నేను లింకులు పంపేదాన్ని. ఆమె థంబ్స్ అప్ పెట్టి ఊరుకునేది.

రెండు ఊళ్ళూ చూడొచ్చు కదా, మధ్యలో రైలు మూడు గంటలే కదా అని మీరు అనబోతున్నారు. మాకు తెలిసినవాళ్ళందరూ అన్నారు. ఉన్న నాలుగు రోజుల్లో పెట్టె సర్దడానికి ఒక పూట, రైలుకి ఒక పూట, కొత్త హోటల్ వెతుక్కోవడానికి ఒక పూట పోతుందని ఇద్దరం వద్దనుకున్నాం. మేమిద్దరం ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

వీసా కాగితాల్లో హోటల్ బుకింగ్ చూపించాలి. కలిసి వెళ్తున్నామని రాసి ఇద్దరం రెండు ఊళ్ళు చూపిస్తే కౌంటర్‌లో నవ్వుతారు. మా అపాయింట్‌మెంట్లు సెప్టెంబర్‌లో ఒక మంగళవారం, నాది పదకొండున్నరకి, తనది పావుతక్కువ పన్నెండుకి. అది తప్పితే మళ్ళీ జనవరిలోనే. అందుకని శ్రీలత సోమవారం ఆఫీస్ అయ్యాక అయిదున్నర గంటలు డ్రైవ్ చేసుకుని మా ఇంటికొచ్చింది. రాత్రి తేల్చేద్దాం అనుకున్నాం. నా కూతురు ఆమెని వదల్లేదు, తేలలేదు.

మంగళవారం ఉదయం ఆరుకి బయల్దేరాం. వెనక సీట్లో రెండు ఫోల్డర్లు. నీలం దాంట్లో బార్సిలోనా, ఎర్ర దాంట్లో మాడ్రిడ్. డాలస్ డౌన్‌టౌన్ దాటేసరికి ఆరున్నర. మీరు వెళ్తే ఆరు దాటనివ్వకండి, ఆ తర్వాత ఆ ఫ్రీవే మీ మాట వినదు. దారిలో తినడానికి ఇడ్లీలు కట్టుకున్నాం. ఎన్నిస్ దాటాక స్టీరింగ్ మీద ఒక చెయ్యి పెట్టి రెండో చేత్తో ఇడ్లీ కారప్పొడిలో అద్దుకోవడం నాకు అలవాటే. శ్రీలత భయపడి తనే తినిపించింది.

ఏడున్నరకి కార్సికానా దగ్గర నేను మాట ఎత్తాను. ఆఫీస్‌లో మీటింగ్ మొదలుపెట్టినట్టు రెండు ఊళ్ళ ప్లస్సులూ మైనస్సులూ చెప్పుకొచ్చాను. నవంబర్‌లో మాడ్రిడ్ చలి, బార్సిలోనా కొంచెం నయం. చివర్లో, "సో, బార్సిలోనా లాక్ చేసేద్దామా?" అన్నాను.

శ్రీలత కిటికీలోంచి చూస్తూ, "చేసెయ్. ఎట్లాగూ నువ్వు అన్నదే గదా అయ్యేది" అంది.

"అదేంటే?"

"ఎమ్మెస్‌ల అపార్ట్‌మెంట్ ఎవరు తీసిన్రు? నువ్వే. ఎలెక్టివ్స్ ఎవరు పెట్టిన్రు? నువ్వే. ఇద్దరం కలిసి కార్ కొన్నప్పుడు నాకు బ్లూది కావాలన్న. నువ్వు గ్రేది తెచ్చినవ్."

"గ్రేది తక్కువ మైల్స్ తిరిగిందే."

"నన్ను అడిగినవా?"

అడగలేదు. టైర్ ప్రెజర్ లైట్ వంక చూశాను. అది వెలగట్లేదు. తను కోపంగా అని ఉంటే నేను తిరిగి ఏదో అనేదాన్ని. ఎప్పటి సంగతో లెక్కలోకి రానట్టు మామూలుగా అనేసి ఇడ్లీ డబ్బా మూత పెట్టుకుంది. పన్నెండేళ్ళుగా మా ఇద్దరికీ టేస్టులు భలే కలుస్తాయని నేను అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. కలవడం కాదు, తను ఊరుకుంది.



ఎనిమిదీ యాభైకి మాడిసన్‌విల్. అక్కడ వంద పెట్రోల్ పంపులున్న గ్యాస్ స్టేషన్ ఒకటుంది, రెస్ట్‌రూమ్‌లు మా ఇంటికన్నా శుభ్రంగా ఉంటాయి. ఆగి తీరండి. కాఫీ లైన్లో నేను, "సరే, మాడ్రిడ్ వెళ్దాం" అన్నాను. నా త్యాగానికి నేనే మురిసిపోయాను.

"జాలిపడి ఇవ్వకు" అంది శ్రీలత. "గట్లయితే నాకొద్దు. బార్సిలోనాకే పోదాం."

ముందు నిలబడ్డ టోపీ పెద్దాయన వెనక్కి తిరిగాడు. మా తెలుగులో ఆ ఊళ్ళ పేర్లు ఆయనకి దొరికాయి. తను నేవీలో ఉన్నప్పుడు స్పెయిన్ చూశానని చెప్పాడు.

"ఏ ఊరు?" ఇద్దరం ఒకేసారి అడిగాం.

ఆయన కాసేపు ఆలోచించాడు. "గుర్తులేదు. అక్కడ నాకు పన్ను నొప్పి వచ్చింది. అదొక్కటే గుర్తుంది."

కార్‌లోకి వచ్చాక స్టార్ట్ చెయ్యకుండా అడిగాను. "జాలి కాదు. ఆరు వారాల్నుంచి నేను అడగాల్సింది ఇది. మాడ్రిడ్‌లో ఏముంది నీకు?"

శ్రీలత కాఫీ కప్పు హోల్డర్‌లో పెట్టింది. తర్వాత బ్యాగ్‌లోంచి అరచేయంత స్కెచ్‌బుక్ తీసి ఇచ్చింది. పార్కింగ్ లాట్‌లో వరసగా షాపింగ్ కార్టులు. ఆఫీస్ కెఫెటేరియాలో నిద్రపోతున్న మనిషి. వాళ్ళబ్బాయి చెప్పులు. ఏడాదిన్నరగా శనివారాలు బెంటన్‌విల్‌లో ఒక డ్రాయింగ్ క్లాస్‌కి వెళ్తోందట. ఒక గదిని మేమిద్దరం రెండేళ్ళు పంచుకున్నాం, ఈమె బొమ్మలు వేస్తుందని నాకు తెలియదు.

"మా టీచరమ్మ మాడ్రిడ్‌ల ఒక పెద్ద పెయింటింగ్ గురించి చెప్తది. ఫోన్ల చూస్తే ఏం తెల్వదంట. దాని ముందట ఒక పొద్దంత కూసోవాల్నంట. నాకు గట్ల కూసోవాలని ఉన్నది" అంది. ఆగి, "కానీ నువ్వు పది నిమిషాలకి వాచీ చూసుకుంటవ్. నేను లేస్త. నాకు తెలుసు నేను లేస్తనని. అందుకే చెప్పలే" అంది.

కాదని అనడానికి నోరు తెరిచాను. నిజానికి ఆ క్షణాన టైమ్ తొమ్మిదీ పది అయిందని, అయిదు నిమిషాలు లేటని నా మనసులో నడుస్తూనే ఉంది.

"మాడ్రిడ్" అన్నాను. "నువ్వు లేవకు. నేను లేపితే కూడా లేవకు."

ఆమె ఎర్ర ఫోల్డర్ వెనక సీట్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

హ్యూస్టన్ చేరేసరికి పదీ నలభై. వీసా సెంటర్ ఊరికి పడమట ఒక ఆఫీస్ బిల్డింగ్‌లో ఆరో అంతస్తు. మాడ్రిడ్ హోటల్ బుకింగ్‌లో ఇద్దరి పేర్లూ ముందే ఉన్నాయి, కాపీలే కావాలి. అసలు చిక్కు నా కవరింగ్ లెటర్‌తో వచ్చింది. బార్సిలోనా ఎందుకు చూడాలో ఒక పేజీన్నర రాసుకున్నాను. పక్క వీధిలో ప్రింట్ షాప్ ఉంది. ఫోన్‌లోనే లెటర్ తెరిచి, బార్సిలోనా అన్న చోటల్లా మాడ్రిడ్ అని ఒక్క దెబ్బకి మార్చేసి, ప్రింట్ తీయించి, పదకొండూ ఇరవై ఆరుకి లిఫ్ట్ ఎక్కాను.

లోపల ఫోన్లు ఆపెయ్యమన్నారు. పక్క కుర్చీలో షుగర్‌ల్యాండ్ నుంచి వచ్చిన తెలుగు పెద్దాయన, మూడు రంగుల ఫైళ్ళతో ఉన్నారు. మేం ఎక్కడికో అడిగి తెలుసుకుని, "రెండూ చూడొచ్చు కదమ్మా, రైలు మూడు గంటలే" అన్నారు.

"అవునంకుల్" అన్నాం ఇద్దరం.

కౌంటర్‌లో అమ్మాయి నా కాగితాలన్నీ టిక్కులు పెట్టుకుంటూ వచ్చి లెటర్ దగ్గర ఆగింది. పెన్ను కింద పెట్టింది. "ఒక్క ప్రశ్న. మాడ్రిడ్‌లో ఏ బీచ్‌కి వెళ్తున్నారు?"

"బీచా?"

ఆమె లెటర్ నా వైపు తిప్పింది. రోజూ ఉదయం మాడ్రిడ్ సముద్ర తీరాన నడవాలని, మాడ్రిడ్ అలల చప్పుడు వింటూ కాఫీ తాగాలని నా చిరకాల వాంఛ అని అందులో ఉంది. వెనక నా వంతు తర్వాత నిలబడ్డ శ్రీలత అది విని, నోటికి ఎర్ర ఫోల్డర్ అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు ఊగుతున్నాయి. సెక్యూరిటీ ఆయన నీళ్ళు కావాలా అని అడిగాడు.

నేను నిజం చెప్పేశాను. ఊరు ఈ ఉదయమే మార్చామని, సముద్రం పాత ఊరి తాలూకుదని. కౌంటర్ అమ్మాయి నవ్వలేదు. ఆ రెండు వాక్యాలూ కొట్టేసి పక్కన సంతకం పెట్టమంది. పెట్టాక మాత్రం మెల్లగా, "మాది మాడ్రిడ్. బీచ్ ఉంటే మేమూ సంతోషించేవాళ్ళం" అంది. మీరు లెటర్ మార్చుకుంటే దయచేసి ఒకసారి చదువుకోండి.

పన్నెండున్నరకి ఇద్దరం బయటపడ్డాం. పాస్‌పోర్టులు మూడు వారాల్లో కొరియర్‌లో వస్తాయన్నారు. లిఫ్ట్‌లో శ్రీలత ఇంకా నవ్వుతూనే ఉంది. కింద పార్కింగ్‌లో ఆగి, "నీకు సముద్రం కావాల్నా?" అంది.

"వదిలెయ్యవే."

"గాల్వెస్టన్ బీచ్ గంట దూరమే. నేను నడుపుత."

కార్ తాళాలు ఇచ్చాను. ఆమె నా కన్నా నెమ్మదిగా నడుపుతుంది. రెండుసార్లు లేన్ మారమని చెప్పబోయి కిటికీ వైపు తిరిగాను.

గాల్వెస్టన్ చేరేసరికి ఒకటీ యాభై. వేయించిన రొయ్యలు, కోల్‌స్లా, ఐస్ టీ, ఇద్దరికీ కలిపి నలభై డాలర్లలోపే. ఇక్కడి సముద్రపు నీళ్ళు కాఫీ రంగులో ఉంటాయి, ఫోటోల్లో చూసి ఆశపడి వెళ్ళకండి. అయినా సముద్రం సముద్రమే. రాళ్ళ కట్ట మీద చెప్పులు విడిచి కూచున్నాను. శ్రీలత నాకు నాలుగడుగులు వెనక స్కెచ్‌బుక్ తెరిచింది.

ఇక్కడ నాకు పరీక్ష మొదలైందని నాకే తెలిసింది. మొదటి పావుగంట పెలికన్‌లని లెక్కపెట్టాను. పదకొండు. తర్వాత హ్యూస్టన్ ట్రాఫిక్ గుర్తొచ్చింది, నాలుగు లోపు బయల్దేరకపోతే ఏమవుతుందో గుర్తొచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. వాచీ తీసి చెప్పులో పెట్టాను. ఆ తర్వాత ఏమైందో సరిగ్గా చెప్పలేను. ఒక చేపల పడవ తిరిగొచ్చింది, ఎవరో తండ్రీకూతుళ్ళు గాలిపటం ఎగరేయలేక వెళ్ళిపోయారు, నీడ నా మోకాళ్ళ దాకా పాకింది. వెనక పెన్సిల్ చప్పుడు ఆగుతూ నడుస్తూ ఉంది.

"అయిపోయింది" అని శ్రీలత అన్నప్పుడు నాలుగూ ఇరవై. దాదాపు రెండు గంటలు.

బొమ్మలో నా వీపు, జడ, ముందు బోలెడు నీళ్ళు. "నేను ఇంత లావుగా ఉన్నానా?" అన్నాను.

"ఉన్నవ్" అంది. తర్వాత, "మాడ్రిడ్‌ల గూడ కూసోగలవ్ నువ్వు" అంది. నేను చదువుకున్న చదువుల్లో అంత గట్టి సర్టిఫికెట్ నాకు రాలేదు.

హ్యూస్టన్ ట్రాఫిక్ నేను భయపడ్డట్టే ఉంది. కాన్రో దాటేసరికి ఆరున్నర, ఇద్దరికీ ఆకలి. "ఎక్కడ తిందాం?" అంది శ్రీలత. నాకు ఎగ్జిట్ నంబర్‌తో సహా తెలుసు, అక్కడ మంచి మెక్సికన్ హోటల్ ఉంది, ఫోన్‌లో స్టార్లు కూడా చూసి పెట్టాను.

"నువ్వు చెప్పు" అన్నాను.

"ఏమో. నీకేది ఇష్టం?"

"నువ్వు చెప్పు."

ఆమె ఆలోచించింది. ఒక ఎగ్జిట్ పోయింది. రెండోది పోయింది. నా మెక్సికన్ హోటల్ కుడి పక్క నుంచి దీపాలతో సహా వెనక్కి వెళ్ళిపోయింది. స్టీరింగ్ తన చేతుల్లోనే ఉంది, తొందర కనిపించలేదు. హంట్స్‌విల్ దగ్గర, ముప్ఫై మైళ్ళ తర్వాత, "ఇక్కడ" అని ఒక చిన్న డైనర్ ముందు ఆపింది. సైన్‌బోర్డ్‌లో సగం అక్షరాలు వెలగట్లేదు. లోపల మేం తప్ప ఎవరూ లేరు. ఫ్రైస్ చల్లగా, సూప్ ఉప్పగా, రొట్టె పెళుసుగా ఉంది.

"బాలేదు గదా" అంది శ్రీలత, ఏదో కనిపెట్టినట్టు సంతోషంగా.

"అస్సలు బాలేదు" అన్నాను. ఇద్దరం ప్లేట్లు ఖాళీ చేసి, మెనూ మళ్ళీ అడిగి తీసుకున్నాం. తీపికి ఏ ఫ్రూట్ పై తెప్పించాలో కూడా తనే చెప్పింది, ఈసారి అయిదు నిమిషాల్లోనే.